శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా

మొన్న శనివారం పొద్దున ప్రాక్టీసు అయ్యాక మా వంటింట్లో పెసరట్టు తింటూ తింటూ సిరి తన ఫోను చూసుకుంది. సిరికి పద్దెనిమిదేళ్ళు. ఇక్కడ కెనడాలో, కిచెనర్ ఊళ్ళో నేను బాస్కెట్‌బాల్ నేర్పే హైస్కూలు జట్టులో ఫార్వర్డ్. తల్లిదండ్రులు కరీంనగర్ వాళ్ళు, ఇద్దరూ ఐటీ. ఒక యూనివర్సిటీ జట్టు నుంచి కబురు కోసం ఆ పిల్ల మూడు వారాలుగా ఎదురుచూస్తోంది. పెసరట్లు పోస్తున్నది మా అమ్మ. నాన్న పోయాక విన్నిపెగ్‌లో ఇల్లు అమ్మేసి ఆర్నెల్ల కిందటే నా దగ్గరికి వచ్చింది, వచ్చిన మర్నాడే నా పొయ్యిని స్వాధీనం చేసుకుంది. సిరి ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, "దే సెడ్ నో, కోచ్" అంది. "ఏమైందమ్మా?" అని అమ్మ అడిగింది. "ఏం లేదు అమ్మమ్మా, ఇంకోటి వెయ్యండి" అని, ఆ ఇంకోటి కూడా పూర్తిగా తిని, ప్లేటు కడిగి పెట్టి, బాత్రూంలోకి వెళ్ళి ఇరవై నిమిషాల దాకా బయటికి రాలేదు. కుళాయి పారుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. నేను తలుపు కొట్టలేదు.

ఆ పిల్ల వెళ్ళాక నేను అమ్మతో ఒక మాట అన్నాను. ఆ మాటకు అమ్మ ఏం చెప్పిందో రాయాలంటే ముందు దాదాపు ముప్పై ఏళ్ళ కిందటి ఒక శుక్రవారం గురించి రాయాలి. ఆ శుక్రవారం గురించి రాయాలంటే మా ఇంటి గురించి రాయాలి.

నా ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. మోకాళ్ళు అరిగి ఇప్పుడు ఆ అంగుళం ఉందో లేదో తెలియదు గాని, ఇరవై ఏళ్ళప్పుడు నిక్కచ్చిగా ఉండేది. విన్నిపెగ్‌లో తెలుగువాళ్ళ పాట్‌లక్ భోజనాలకు వెళితే ఆంటీలు మెడలెత్తి నన్ను చూసి, "ఇంత పొడుగు పిల్లకి ఎక్కడ వెతుకుతారండీ సంబంధం?" అని అమ్మను పరామర్శించేవారు. "మేం వెతకం, అదే వెతుక్కుంటుంది, పైనుంచి అందరూ బాగా కనపడతారు కదా" అనేది అమ్మ. నాకు ఏడేళ్ళప్పుడు తెనాలి నుంచి నలుగురం వచ్చాం: నాన్న, అమ్మ, నేను, నాన్నను కన్న నానమ్మ. నాన్న కరెంటు కంపెనీలో ఇంజినీరు. నానమ్మ మూరెడు మనిషి. నేతచీర మీద నాన్న పాత పార్కా కోటు, కాళ్ళకు నా పాత స్నో బూట్లు వేసుకుని, వాకిట్లో మంచు తనే పారతో తీసేది. ఒద్దంటే వినేది కాదు. ఊడ్చని వాకిలి చూస్తే ఆవిడకు ముద్ద దిగదు. నాకు తెలుగు రాయడం, చదవడం వచ్చాయంటే అది నానమ్మ పెట్టిన భిక్ష. సాయంత్రం ఒక పేజీ రాస్తే గాని టీవీ పెట్టనిచ్చేది కాదు.

చలికాలం పొద్దున ఐదింటికి మా ఇంట్లో లైట్లు వెలిగేవి. మైనస్ ముప్పైలో ఇంజను గడ్డకట్టకుండా కారుకు కరెంటు తీగ తగిలించి పెట్టేవాళ్ళం. నాన్న వెళ్ళి ఆ తీగ పీకి, కారు వేడెక్కించి, హారను కొట్టకుండా కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. నేను బూట్లు తొడుక్కుంటుంటే నానమ్మ ఒక సున్నుండ నా నోట్లో కుక్కి, ఒకటి జేబులో వేసేది. ఇంట్లో తెల్లవారక ముందే ఇంగువ పోపు పడేది కాబట్టి నా జెర్సీలన్నీ ఇంగువ వాసన కొట్టేవి. జట్టు పిల్లలు మొదట్లో ముక్కు మూసుకున్నారు. తర్వాత సున్నుండల డబ్బా రుచి మరిగి, నేను లేకపోయినా డబ్బా రావాలన్నారు. సాయంత్రం ఇంటికి వస్తే నానమ్మ ఆముదం గోరువెచ్చగా కాచి నా మోకాళ్ళకు మర్దనా చేసి, పాత చీర ముక్క చుట్టేది. జట్టు ఫిజియోథెరపిస్టు చేతుల్లో లేనిదేదో ఆ చేతుల్లో ఉండేది. ఇది అప్పుడు అనుకున్నది కాదు, ఇప్పుడు అంటున్నాను.

ఒకే ఒక్కసారి నానమ్మ నా ఆట చూడటానికి వచ్చింది. బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని, శాలువా తల మీంచి కప్పుకుని కూర్చుంది. ఆట అయ్యాక కార్లో అడిగింది, "అందరూ నిన్నే తోస్తారేమే? ఆ పొట్టి పిల్లలేమో దూరం నుంచి విసిరి చప్పట్లు కొట్టించుకుంటున్నారు, నువ్వేమో ఆ గుంపులో మోచేతి పోట్లు తింటున్నావు." ఫార్వర్డ్ పని అదే నానమ్మా, బుట్ట కింద చోటు పట్టుకోవాలి, ఎవరైనా గురి తప్పితే ఆ బంతి మనం అందుకోవాలి అని చెప్పాను. "అంటే ఎవరో పారేసింది ఏరుకోవడమన్న మాట" అంది నానమ్మ. నాన్న స్టీరింగు మీద పడి నవ్వాడు. తర్వాత నేను ఎందరో కోచ్‌ల దగ్గర ఆడాను గాని, నా ఉద్యోగాన్ని అంత సూటిగా ఇంకెవరూ వర్ణించలేదు.

ఇక రాహుకాలం. మా ఫ్రిజ్ పక్కన గోడకు తెలుగు క్యాలెండరు వేలాడేది. ప్రతి జనవరిలో ఎవరి సూట్‌కేసులోనో వచ్చేది. నానమ్మ దాన్ని చూడకుండా పాల ప్యాకెట్టు కూడా తెరవదు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు, అలా రోజుకు గంటన్నర ఆవిడ ప్రపంచం ఆగిపోయేది. నాన్నకు ఇవేవీ పట్టవు. "రాహువుకి కెనడా వీసా ఎవరిచ్చారమ్మా?" అని ఏడిపించేవాడు. "నీకిచ్చినవాళ్ళే ఇచ్చుంటార్రా" అనేది నానమ్మ. ఈ రెండు మాటలూ వారానికి ఒకసారైనా మా ఇంట్లో వినపడేవి. కొత్త కారు తెచ్చినా, ఇంటి కాగితాల మీద సంతకం పెట్టినా నాన్న కావాలని రాహుకాలంలోనే పెట్టి, వచ్చి ఆవిడకు చెప్పేవాడు.

నేను యూనివర్సిటీ ముగించిన వేసవిలో ఇటలీలో ఒక జట్టు నా మీద ఆసక్తి చూపింది. మా కోచ్ నా ఆటల వీడియో టేపులు పంపాడు. ఒక మంగళవారం నాన్న ఆఫీసుకు ఫ్యాక్స్ వచ్చింది, ఇంట్లో మాకు ఫ్యాక్స్ లేదు. ఒక సీజను ఒప్పందం, ఇల్లు వాళ్ళే ఇస్తారు, సంతకం పెట్టి శుక్రవారం సాయంత్రంలోగా తిప్పి పంపాలి. ఆ రాత్రి భోజనాల బల్ల మీద నేను సంతకానికి కూర్చున్నాను. అమ్మ పెన్ను కింద పాత పత్రిక వేసింది, మరక పడుతుందని. విన్నిపెగ్ తెలుగు పిల్ల డబ్బు పుచ్చుకుని బంతి ఆడటమనేది అప్పటికి ఎవరూ విన్నది కాదు. ఒక బీమా కంపెనీలో ఉద్యోగం రెడీగా ఉంది, సోమవారం చేరతావా లేదా చెప్పమంటున్నారు. ఆ కాగితం వెళ్తే నేను ఆటగత్తెను, వెళ్ళకపోతే గుమాస్తాను. బుధవారం పొద్దున నాన్న దాన్ని బ్రీఫ్‌కేసులో పెట్టుకుని వెళ్ళాడు.

శుక్రవారం సాయంత్రం నాన్న మామూలుకన్నా ముందే ఇంటికి వచ్చాడు. బూట్లు విప్పకుండానే భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. నానమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "వాణీ, ఒక పొరపాటు జరిగిందమ్మా" అన్నాడు. బుధ, గురువారాలు అమావాస్య అని నానమ్మ ఆగమందట. ఇది పెద్ద విషయం కదా, ఈ ఒక్కసారికి ఆవిడ మాట విందామనుకున్నాడట. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలం కదా అని, అది వెళ్ళాక పన్నెండు గంటల ఐదు నిమిషాలకు పంపాడట. సాయంత్రం దాకా టైముందనుకున్నాడు, అక్కడికీ ఇక్కడికీ ఏడు గంటల తేడా సంగతి మర్చిపోయాడు. అప్పటికి అక్కడ సాయంత్రం ఏడు దాటింది, వాళ్ళు ఇంకో అమ్మాయిని తీసేసుకున్నారు. ఇదీ ఆయన చెప్పింది. నానమ్మ తల ఎత్తకుండా, "నేనే ఆగమన్నానే" అంది.

నేను నాన్నను ఏమీ అనలేదు. నానమ్మనే అన్నాను. "నువ్వూ నీ రాహువూ కలిసి నా బతుకు మింగేశారు. ఇంక నా జోలికి రాకు" అన్నాను. ఇంకా కొన్ని అన్నాను, అవి రాయను. చేతిలో ఉన్న చిక్కుడుకాయ ఈనె తీయడం పూర్తిచేసి, గిన్నెలో వేసి, ఇంకోటి అందుకుంది ఆవిడ. ఆ రోజు నుంచి ఆవిడ చేత్తో ఇచ్చింది తినడం మానేశాను. ఆముదం గిన్నెతో గుమ్మం దగ్గరికి వస్తే తలుపు వేసుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఆవిడ గిన్నె తలుపు బయట పెట్టి వెళ్ళిపోయేది. నేను దాన్ని దాటుకుని నడిచేదాన్ని.

బీమా ఉద్యోగం వద్దన్నాను. నేను పనికిరాక ఆగిపోయి ఉంటే వెళ్ళి బుద్ధిగా చేరేదాన్నేమో. కాని నేను పనికొచ్చాను, మా ఇంటివాళ్ళ మూర్ఖత్వం వల్ల పోయింది, అంతే కదా! ఆ కోపం నన్ను ఏడాదంతా నడిపించింది. పగలు ఆటబూట్ల దుకాణంలో పని, సాయంత్రం కమ్యూనిటీ సెంటరులో ఒంటరిగా షాట్లు. మరుసటి వేసవి సొంత డబ్బుతో పోర్చుగల్‌లో ఒక చిన్న ఊరి జట్టు సెలక్షన్లకు వెళ్ళి, అక్కడే కూర్చుని సంతకం పెట్టి, అక్కడే కాగితం చేతికిచ్చి మరీ ఫోను చేశాను. మూడో రోజు ఆ కోచ్ నా ఆట ఆపి, "నీ కాళ్ళు నెమ్మది. అందుకని అందరికంటే ఒక క్షణం ముందు బయల్దేరు" అన్నాడు. సంతకం అయిపోయింది గనుక నవ్వేశాను. ఆ ఒక్క క్షణం ఎక్కడ దొరుకుతుందో నేర్చుకోవడమే ఇక నా వృత్తి అంతా. షాట్ వేసే మనిషి భుజం చూస్తే బంతి ఏ పక్క పడుతుందో తెలుస్తుంది. మిగతావాళ్ళు బంతిని చూస్తుంటే నేను భుజాన్ని చూసేదాన్ని.

పదకొండు సీజన్లు ఆడాను, ఐదు దేశాల్లో. పేరు చెబితే గుర్తుపట్టేంత జట్టు ఒక్కటీ లేదు. హీటరు పనిచెయ్యని బస్సులు, వాన కారే జిమ్ములు, ముగ్గురికి ఒక స్నానాలగది, మే నెల వస్తే వచ్చే ఏడు ఎక్కడో తెలియని బతుకు. ఎప్పుడూ ఒక్క ఏడాది ఒప్పందమే. పెద్ద స్కోర్లు నావి కావు. మోచేతి పోట్లు, పారేసిన బంతులు నావి. రెండుసార్లు మోకాలి ఆపరేషను అయింది. చివరి ఆటలో పోలండులో ఒక చిన్న పట్టణంలో బెంచీ మీద నుంచి నాలుగు నిమిషాలు ఆడి, బూట్లు అక్కడే చెత్తబుట్టలో వేసి వచ్చాను. నాకు బాధ కలగలేదు. మంచి ఉద్యోగం చేసి దిగిపోయినట్టే అనిపించింది.

మూడో సీజనులో నాన్న ఫోను చేసి నానమ్మ పోయిందని చెప్పాడు. "వస్తావా అమ్మా?" అన్నాడు. ఆదివారం సెమీఫైనల్ ఉందన్నాను. ఉన్నమాట నిజమే. "సరే, ఆడు" అన్నాడు. ఆ ఆట ఓడిపోయాం.

ఆ తర్వాత చిత్రమేమిటంటే, రాహుకాలం నాన్నను పట్టుకుంది. ఆ శుక్రవారం తర్వాత ఆయన పంచాంగాలు తెప్పించడం మొదలుపెట్టాడు. క్యాలెండరులో ఉన్న గంటలు ఇక్కడ చెల్లవు, ఇక్కడి సూర్యోదయాన్ని బట్టి పగటిని ఎనిమిది భాగాలు చెయ్యాలని లెక్కలు కట్టి, ఏడాదికి సరిపడా పట్టికలు గీశాడు. ఊళ్ళో తెలుగువాళ్ళు ఫోను చేసేవారు, "రావుగారూ, పర్మనెంట్ రెసిడెన్సీ అప్లికేషన్ సబ్మిట్ చేద్దామనుకుంటున్నా, ఎన్నింటికి కొట్టమంటారు?" అని. నాన్న కళ్ళజోడు పెట్టుకుని పట్టిక తీసి, నిమిషాలతో సహా చెప్పేవాడు. ఆ లెక్క ప్రకారం చూస్తే విన్నిపెగ్‌లో నడివేసవి శుక్రవారం రాహుకాలం పదకొండున్నర నుంచి ఒకటిన్నర. అంటే ఆనాడు రాహుకాలం వెళ్ళిందనుకుని సరిగ్గా అది నడుస్తుండగా పంపాడన్న మాట! ఇది నాకు దొరికాక వదులుతానా? సెలవులకు వచ్చినప్పుడల్లా, పదిమందిలో, భోజనాల దగ్గర, "మా నాన్న ఇంజినీరింగ్ ఇది" అని మొదలుపెట్టి ఆ కథ చెప్పి నవ్వించేదాన్ని. నాన్న కూడా నవ్వి, "అవునమ్మా, తప్పు నాదే" అనేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అదే జవాబు. పోయిన ఏడు ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా నర్సుకు చెప్పాను ఆ కథ. అప్పుడూ అదే అన్నాడు.

ఇప్పుడు సిరి విషయం. నా రోజుల్లో ఒక "వద్దు" రావాలంటే సముద్రం దాటి, ఎవరి ఆఫీసులోనో యంత్రంలోంచి కాగితంగా బయటికి వచ్చి, ఎవరి చేతిలోనో పడి, ఆ చెయ్యి ఇంటికి తెచ్చి మనకివ్వాలి. ఇప్పుడది నేరుగా ఆ పిల్ల అరచేతిలోకే వచ్చింది, నోట్లో ముద్ద ఉండగానే. మంచిదో చెడ్డదో నేను చెప్పలేను. నా దగ్గర ఆడే పిల్లలకు నేను లోపాలు మొహం మీదే చెబుతాను, తిప్పి చెప్పడం నాకు రాదు. కాని ఆ కుళాయి చప్పుడు వింటున్నంతసేపూ నాకు ఒకటే అనిపించింది, నాకిలా ఎప్పుడూ జరగలేదు కదా అని. సిరి వెళ్ళాక అమ్మతో అన్న మాట అదే.

"కనీసం నన్నెవరూ వద్దనలేదమ్మా" అన్నాను. "నాన్న గడియారం చూసుకుంటూ కూర్చోబట్టి పోయింది గాని. ఈ పిల్లకి ఆ పాటి అదృష్టం కూడా లేదు పాపం."

అమ్మ పెనం తోముతోంది. ఆపింది. "ఇంక చాలు వాణీ" అంది. "ఆయన పోయాక కూడా అదే మాటా?"

"ఏం, అబద్ధమా?"

"అబద్ధమే." అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "బుధవారం పొద్దున తొమ్మిదింటికే పంపారు నీ కాగితం. ఆఫీసుకు వెళ్ళీ వెళ్ళగానే. గురువారం జవాబొచ్చింది. రెండో టేపు ఇప్పుడే చూశాం, ఈ అమ్మాయి కాళ్ళు నెమ్మది, ప్రొఫెషనల్ ఆటకు పనికిరాదు, ఒప్పందం వద్దు అని. నువ్వు ప్రాక్టీసుకి వెళ్ళావు ఆ సాయంత్రం. ఆయన ఆ కాగితం పట్టుకుని ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరిగారు."

"మరి రాహుకాలం?" అన్నాను, తెలివితక్కువగా.

"మీ నాన్నకి రాహుకాలమేమిటే? జన్మలో నమ్మారా ఆయన? ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామన్నారు. నేనూ అదే అన్నాను. మీ నానమ్మే ఒద్దంది. 'కాళ్ళు పనికిరావని ఒకసారి చెవిన పడితే అది ఇంక పరిగెత్తదురా. తప్పు నా రాహుకాలం మీదకి తోసెయ్. నేనే ఆగమన్నానని చెప్పు. దానికి నా మీద కోపమొస్తుంది, నాలుగు రోజులుంటుంది, పోతుంది' అంది. ఆవిడ చెప్పినట్టే చేశాం. తర్వాత ఆయనకొచ్చింది తంటా. ఎన్నడూ నమ్మని మనిషి ఆ ఒక్కరోజే నమ్మాడంటే నువ్వు పట్టేస్తావు కదా. అందుకని జన్మంతా నమ్మాల్సొచ్చింది."

నాన్న గురించి తర్వాత ఏడ్చాను. ఆ పూట నాకు గుర్తొచ్చింది నాన్న కాదు. కోపం నాలుగు రోజులే ఉంటుందని ఆవిడ అనుకుంది. నేను మూడేళ్ళ పైన ఉంచుకున్నాను. నాలుగో ఏడు నిండకుండానే ఆవిడ వెళ్ళిపోయింది.

"ఆవిడ ఏమైనా అనేదా అమ్మా, తర్వాత?"

"ఏమంటుంది. నువ్వు పోర్చుగల్ నుంచి ఆదివారం ఫోను చేస్తే పక్కనే నిలబడేది. నువ్వు ఆవిడకి ఇమ్మనేదానివి కాదు. పెట్టేశాక నన్ను అడిగేది, 'తగ్గిందా దానికి?' అని. తగ్గింది అత్తయ్యా, మిమ్మల్ని అడిగింది అని చెప్పేదాన్ని."

"నేనెప్పుడూ అడగలేదు."

"తెలుసు" అంది అమ్మ. "ఆవిడకీ తెలుసు. అయినా మళ్ళీ ఆదివారం వచ్చి ఫోను పక్కన నిలబడేది."